ద్వారక మునిగిన పిమ్మట: కృష్ణాసాగర సంగమసీమలో పురాణదృష్టి



పింగళనామ సంవత్సరము, కార్తీక శుక్లపక్షము. 1977 నవంబరు 19, శనివారము. ఇంటింట కార్తీకదీపములు వెలుగవలసిన ఆ సాయంసమయమున బంగాళాఖాతము దివిసీమను ముంచెత్తెను. పులిగడ్డ దాపున రెండు పాయలుగా చీలిన కృష్ణవేణి తన రెండు చేతుల నడుమ నిలుపుకొన్న నేల దివిసీమ. ఆ నేలపై కడలి తాటిచెట్టంత యెత్తున వచ్చినదని బ్రతికి బయటపడినవారు చెప్పిరి. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలగు తీరగ్రామములలో తెల్లవారుసరికి ఊరున్నచోట బురదయు, మనుజులున్నచోట కళేబరములును మిగిలెను. ప్రభుత్వము లెక్కించిన మృతులే దాదాపు పదివేలు. అసలు సంఖ్య అంతకు మించినదని తీరవాసుల మాట.

ఇట్టి విపత్తు సంభవించినప్పుడు భక్తుని హృదయమున ఒక ప్రశ్న పుట్టును. సంగమస్థానమున వేణుగోపాలుడు కొలువై యుండగా, మోపిదేవిలో సుబ్రహ్మణ్యేశ్వరుడు కొలువై యుండగా, శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కొలువై యుండగా ఇది ఎట్లు జరిగెను? ఈ ప్రశ్నకు పురాణము పేరిట రెండు విధములైన సమాధానములు వినవచ్చుచుండును. చచ్చినవారి పాపము పండినదనుట మొదటిది. విపత్కాలమున పురాణమును చేత పట్టుకొని, ఆ వెలుగులో మనుష్యుని స్థితిని పరికించుట రెండవది. మొదటిది పురాణమును తీర్పుగా వాడుకొనును, రెండవది దీపముగా. కృష్ణాతీరపు సాహిత్యమును, నాటకమును, చలనచిత్రమును గడచిన నూఱేండ్లకు పైగా ఈ రెండవ మార్గమున ఎంతదూరము నడచినవో, ఎచ్చట ఆగిపోయినవో విచారింపవలసి యున్నది.

తీర్పు చెప్పువారు అజ్ఞులే అగుదురనుటకు వీలులేదు. 1934 జనవరిలో బీహారు భూకంపము సంభవించినప్పుడు అది అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన దండనమని మహాత్మాగాంధియే అనెను. రవీంద్రనాథఠాకూరు ఆ మాటను సహింపలేదు. ప్రకృతి విపత్తును నైతికదండనముగా చెప్పుట అవివేకమును పెంచునని బహిరంగముగా ఖండించెను. ఇద్దరును మహనీయులే. అస్పృశ్యత పాపమన్న గాంధీజీ మాట పరమసత్యము. కాని ఆ భూకంపమున కూలిన గోడలక్రింద అస్పృశ్యులుగా ఎంచబడినవారును పడిరి కదా! ఈ ఒక్క విషయమున పలుగాకి తర్కము కంటె కవి హృదయమే శాస్త్రసమ్మతముగా తోచును. దివిసీమలో చనిపోయినవారిలో అధికులు తీరమున వలలు వేసి బ్రతికెడివారు, కూలిపనికి వచ్చినవారు, పసిపిల్లలు. వారి కర్మమును తూచుటకు తక్కెడ ఎవ్వరిచేతను లేదు.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది? జలప్రళయమును గూర్చి మన వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైన కథ శతపథబ్రాహ్మణములోనిది. ఉదయమున మనువు చేతులు కడుగుకొనుచుండగా ఒక చిన్న మీనము అతని చేతిలో పడును. నన్ను కాపాడుము, నిన్ను కాపాడెదనని అది పలుకును. మనువు దానిని మొదట కుండలోను, పిదప గుంటలోను, తుదకు సముద్రములోను పెంచును. ఆ మత్స్యము ఫలానా సంవత్సరమున ప్రవాహము రాగలదని ముందుగా తెలిపి, నావను నిర్మించుకొమ్మని హెచ్చరించును. ఇక్కడ మునిగిపోయినవారి పాపములను గూర్చి శతపథము విస్తరింపదు. చిన్నప్రాణిని కాపాడుట, ముందుగా వచ్చిన హెచ్చరికను వినుట, వినినదానిని ఆచరించుట, ఈ మూడింటి చుట్టును ఆ కథ తిరుగును. మచిలీ అనగా చేప. ఆ పేరు గల పట్టణము సముద్రపుటొడ్డున నున్నది గాన, ఈ కథను బందరువారు ఒకింత శ్రద్ధగా చదువుకొనదగును.

ఎందుకనగా 1977కు ముందే బందరు ఒకమారు మునిగినది. రక్తాక్షినామ సంవత్సరమున, 1864 నవంబరు 1వ తేది రాత్రి సముద్రము మచిలీపట్టణము పైకి వచ్చి దాదాపు ముప్పదివేల ప్రాణములను హరించెను. డచ్చివారు, ఆంగ్లేయులు, పరాసువారు ఓడలు నిలిపి వర్తకము చేసిన రేవుపట్టణము ఆ దెబ్బనుండి పూర్వవైభవమునకు తిరిగి లేవలేదు. ఆ ఉప్పెన పామరుల నోట కాలమానముగా మారినది. కాని దానిని కేంద్రముగా చేసికొని నిలిచిన మహాకావ్యము మనకు లేదు. విపత్తు పెద్దదైనంత మాత్రమున కావ్యము పుట్టదు. దానిని చూచు దృష్టి సిద్ధముగా నుండవలెను.

ఆ దృష్టి బందరులో ఇరువదవ శతాబ్ది ఆరంభమున సిద్ధమైనది. అయితే అప్పటి విపత్తు సముద్రమునుండి వచ్చినది కాదు, పరపాలనమునుండి వచ్చినది. 1902లో కృష్ణాపత్రిక వెలసెను. ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున అది తెలుగువారికి రాజకీయములను ఉపనిషత్పరిభాషలో బోధించెను. 1907లో బిపినచంద్రపాలుని ఉపన్యాసములు ఈ తీరమును కదలించెను. కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరివారు కలసి ఆంధ్రజాతీయకళాశాలను నెలకొల్పిరి. ఆ కాలముననే బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగా నుండిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, తమ జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారితో కలసి పాండవోద్యోగవిజయములను రచించిరి.

ఆ నాటకములలో తిరుగుబాటు మాట ఎక్కడను లేదు. ఉన్నదెల్ల భారతకథయే. అయినను ఊరూర, తిరునాళ్లలో, పందిళ్లలో తెల్లవారులు రాయబారఘట్టమును వినిన జనులు దానిని ప్రాచీనకథగా మాత్రమే వినిరనుట పొసగదు. శ్రీకృష్ణుడు ఐదూళ్లయినను చాలునని అడుగ వచ్చిన సభను, మహజరులు సమర్పించి వట్టిచేతులతో మరలి వచ్చుచున్న దేశము ఏ భావముతో చూచియుండును? సంధి పొసగదని తెలిసియు భగవంతుడు స్వయముగా దూతయై వెళ్లుట రాయబారములోని పరమరహస్యము. యుద్ధము తప్పనిదైనపుడు సైతము శాంతికై చేయవలసిన యత్నమును లోకము ఎదుట సంపూర్ణముగా చేయవలెను. గాంధీయుగమునకు ఈ ధర్మసూక్ష్మమును పామరులకు ముందుగా నేర్పిన పాఠశాల పద్యనాటకమే.

పురాణమునకు ఈ శక్తి కలదని పాలకులు గుర్తింపకపోలేదు. మహారాష్ట్రమున ఖాడిల్కరు రచించిన కీచకవధ నాటకమున కీచకుడు కర్జనుప్రభువని ప్రేక్షకులు గ్రహించిరి. 1910లో దానిని ప్రభుత్వము నిషేధించెను. తెలుగునేల మీద దామరాజు పుండరీకాక్షుడుగారు పంజాబు దురంతమును పాంచాలపరాభవమను పేర నాటకముగా మలచిరి, దానికిని నిషేధము తప్పలేదు. పాంచాలమనగా పంజాబు, పాంచాలి పరాభవమనగా భారతమాత పరాభవము. ఒక్క శ్లేషలో ఒక యుగపు దుఃఖము ఇమిడినది. బందరు జంటకవుల నాటకమునకు అట్టి నిషేధము రాలేదు. బహుశః అదియే దాని బలమేమో! ఏ పంక్తిని పట్టుకొని నిషేధింపగలరు?

చెళ్లపిళ్లవారి శిష్యులలో అగ్రగణ్యుడు విశ్వనాథ సత్యనారాయణగారు. 1895లో నందమూరులో జన్మించి, బందరులో చదివి, బందరులోనే అధ్యాపకత్వము వహించిన మహాకవి. ఆయన దర్శించిన విపత్తు మఱియొక విధమైనది. నీరు లేదు, తుపాకి లేదు. గ్రామవ్యవస్థ కన్నులయెదుట కరగిపోవుచున్నది. 1934 ప్రాంతమున రచితమైన వేయిపడగలు ఆ కరగుటకు సాక్షి. తమ్మునికి చెప్పి వ్రాయించిన ఆ బృహద్గ్రంథము నెలదినములలోపుననే ముగిసినదని ప్రసిద్ధి.

ఆ నవలకు నడుమ నిలిచిన మూర్తి వేయిపడగల సర్పము. సుబ్బన్నపేట క్షేత్రమున వెలసిన సుబ్రహ్మణ్యేశ్వరుడు ఆ ఊరి ధర్మమునకు ఆధారము. కాలము గడచినకొలది పడగలు ఒక్కొక్కటియే తరగిపోవును. చదువు మాఱును, కోవెల కుంగును, కోట పాడుపడును, పొలమునకును మనిషికిని గల సంబంధము తెగును. తుదకు రెండు పడగలు మాత్రము మిగులును. అవి దాంపత్యధర్మమును సూచించునవి. మోపిదేవిలో పాముచుట్టలపై వెలసిన లింగమును సేవించి, పుట్టలో పాలు పోసి, పిల్లలకు సుబ్బయ్య, సుబ్బమ్మయని పేరు పెట్టుకొను కృష్ణాతీరవాసికి ఈ ప్రతీకను వివరింపవలసిన పనిలేదు. ఆ సర్పము వానికి ఇంటిదైవము. పాశ్చాత్యవిద్య చదివిన విమర్శకుడు ప్రతీకయని పిలుచుదానిని ఆ రైతు స్వామియని పిలుచును. నవల ఇద్దరికిని అర్థమగును.

విశ్వనాథవారి తీర్పులన్నింటితో ఏకీభవింపవలసిన అగత్యము భక్తునకు లేదు. పాతవ్యవస్థలో పడగనీడ కొందరికే లభించినదనియు, మఱికొందరు ఎండలోనే ఉండిరనియు అన్నవారి ఆక్షేపణము త్రోసిపుచ్చదగినది కాదు. అయినను ఒక సమాజము తన ఆధారమును కోల్పోవునప్పుడు కలుగు వేదనను జమాఖర్చుగా గాక దేవతావిర్భావ తిరోభావములుగా చూపగలుగుట పురాణదృష్టికే సాధ్యము. ఆ గ్రంథమునకు సహస్రఫణ్ అను పేర హిందీ అనువాదము చేసినది పి.వి. నరసింహారావుగారు. పాతభూస్వామ్యమును సంస్కరింపబూనిన రాజకీయజ్ఞుడే ఆ పాతలోకపు విలాపమును మోసికొనిపోవుట విచిత్రమే. నిజమైన సాహిత్యము చేయు పని ఇట్టిదే.

ఇక చలనచిత్రము. తెలుగు చలనచిత్ర పితామహుడని పేరొందిన రఘుపతి వెంకయ్యగారు మచిలీపట్టణమున జన్మించినవారు. వారి కుమారుడు సూర్యప్రకాశు 1921లో నిర్మించిన తొలి తెలుగు మూగచిత్రము భీష్మప్రతిజ్ఞ. 1932లో తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద. మూగబొమ్మ మొదట పలుకనెంచినది భారతమును, మాట వచ్చిన బొమ్మ మొదట పలికినది భాగవతమును. ఆ ప్రహ్లాదకథ కూచిపూడి భాగవతుల యక్షగానముగా ఈ సీమకు అంతకు ముందే కంఠస్థము. మాయాబజారుకు మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు బందరు నాటకరంగమున ఎదిగిన రచయిత. గుడివాడ పరిసరములలోని నిమ్మకూరు నందమూరి తారకరామారావుగారిని, రామాపురము అక్కినేని నాగేశ్వరరావుగారిని, చౌటపల్లి ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని ఇచ్చినవి. ఒక్క తాలూకా తెలుగుతెరకు దేవుని రూపమును, భక్తుని రూపమును, ఇద్దరి గొంతును సమకూర్చినది. విజయవాడ కళాశాలలో విశ్వనాథవారు ఒక నాటకమున స్త్రీపాత్ర ధరింపుమనగా మీసము తీయుటకు ఒప్పుకొనక, మీసముతోనే రంగమెక్కి నవ్వులపాలైన విద్యార్థి తరువాతి కాలమున తెలుగువారి కృష్ణుడయ్యెను.

పురాణచిత్రములెల్ల విపత్తును వెలిగించినవని అనరాదు. పెక్కు చిత్రములు మాయలను, యుద్ధములను, నృత్యములను చూపి సంతసించినవి. కాని 1963 నాటి లవకుశ, నిండుచూలాలిని అడవికి పంపిన రాజధర్మమును పల్లెపల్లెలోని స్త్రీల కన్నీటి ఎదుట నిలిపినది. 1975లో బాపురమణలు ముత్యాలముగ్గులో ఆ ఉత్తరకథనే నేటి ఇంటిలోనికి దింపిరి. అనుమానించి భార్యను వెడలగొట్టిన భర్త అందులో ధనుస్సు పట్టలేదు, అయినను ప్రేక్షకుడు కథను పోల్చుకొనెను. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణలో తారకరామారావుగారు కర్ణ, దుర్యోధన, కృష్ణపాత్రలను మూడింటిని ధరించి, దర్శకత్వమును వహించిరి. సంభాషణలు కొండవీటి వెంకటకవిగారివి. కుమారాస్త్రవిద్యాప్రదర్శనమున కులమెయ్యది యని అడిగినపుడు దుర్యోధనుడు చెప్పిన సమాధానము ఊరూర మార్మ్రోగెను. అది చలనచిత్రపు కల్పనయని కొందరు తలంతురు. కాని వీరుల పుట్టువును, నదుల పుట్టువును వెదకబోరాదన్న భావమును, ద్రోణుడు కలశమునను కృపుడు రెల్లునను జన్మించిరన్న దృష్టాంతములను వ్యాసభారతపు ఆదిపర్వమున దుర్యోధనుడే పలికెను. చిత్రము గొంతు పెంచినదే గాని మాటను కల్పింపలేదు.

ఆ చిత్రము వచ్చిన పదినెలలకు దివిసీమ మునిగినది.

అప్పుడు తెరమీది దేవుడును, తెరమీది భక్తుడును వీథులలోనికి వచ్చిరి. తారకరామారావుగారును నాగేశ్వరరావుగారును బాధితులకై ఊరూర తిరిగి విరాళములను సేకరించిరి. ఇద్దరును ఈ మట్టిలో పుట్టినవారే గాన అది పరాయిదుఃఖము కాదు. గోవర్ధనమెత్తి ఇంద్రుని రాళ్లవానను ఆపిన కృష్ణుని వేషము వేసిన మనిషి నిజముగా వాన వచ్చినప్పుడు కొండ నెత్తలేడు. చేయి చాచగలడు. జనులు ఆ చేతిలో ఉంచినది నటునికి ఇచ్చితిమనుకొనిరో, కృష్ణునికి ఇచ్చితిమనుకొనిరో వారికే తెలియదు. బలిచక్రవర్తి యెదుట చేయి చాచుటకు విష్ణువే సంకోచింపలేదు గదా!

సాహిత్యము మఱొకవిధముగా స్పందించెను. దిగంబరకవులలో నొకరైన నగ్నముని ఈ ఉప్పెనపైననే కొయ్యగుఱ్ఱమను దీర్ఘకావ్యమును రచించిరి. అందు ఊరడింపు లేదు. మునిగిన మనుష్యులను, వారిని మునుగనిచ్చిన వ్యవస్థను ఆ కవి కనికరము లేక ఎదుర్కొనెను. ఆస్తికులు పెక్కుమంది ఆ దిక్కు చూడరు. చూడవలెను. ధర్మమెరిగిన పెద్దలు ఏల ఊరకుండిరని సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నయే అది. అడిగినవాడు నాస్తికుడైనంత మాత్రమున ప్రశ్న వేదబాహ్యము కాజాలదు. సభలోని భీష్మునివలె ధర్మము సూక్ష్మమని తప్పించుకొనుట మాత్రము దానికి సమాధానము కాదు.

సముద్రము ముంచిన ఊరిని గూర్చి వ్యాసభగవానుడు స్వయముగా ఒక పర్వము వ్రాసెను. అది మౌసలము, తెలుగున తిక్కనసోమయాజి దానిని రచించెను. రుక్మిణీకల్యాణమును చెప్పించుకొనినంత తఱచుగా దీనిని ఎవ్వరును చెప్పించుకొనరు. చిత్రములును దీని జోలికి అంతగా పోలేదు. పోనిచో నష్టమేమన, దివిసీమవంటి సీమకు కావలసినదంతయు అందులోనే యున్నది.

యాదవులు తమలో తాము కొట్టుకొని నశించిరి. కృష్ణుడు అవతారము చాలించెను. అర్జునుడు ద్వారకకు వచ్చి శోకముతోనే ఆగిపోలేదు, చాటింపు చేసెను. సముద్రము ఈ నగరమును ముంచెత్తగలదు, బండ్లు కట్టుడు, సామగ్రి సర్దుడు, ఏడవదినమున సూర్యోదయవేళ బయలుదేరవలెనని పౌరులకు తెలిపెను. స్త్రీలు, బాలురు, వృద్ధులు ముందు. వారివెంట సేవకులు, పౌరులు. వారు నగరము వెడలుచుండగా వారి వెనుకనే కడలి ద్వారకను మ్రింగుచు వచ్చెను. వదలివచ్చిన ఇండ్లన్నియు నీటిపాలయ్యెను. నడచివచ్చిన మనుజులు నీటిపాలు కాలేదు. భగవన్మందిరమును మాత్రము సముద్రము ముట్టలేదని భాగవతము చెప్పును. ఆ మాటను పట్టుకొని కోవెల నిలిచినది చాలునని తృప్తిపడువారు, అర్జునుడు కోవెలను గాక మనుష్యులను తరలించెనన్న మాటను మఱచుచుందురు.

త్రోవలో దొంగలు పడిరి. గాండీవము ఎక్కుపెట్టుట అర్జునునికి మిక్కిలి కష్టమయ్యెను, అస్త్రములు స్ఫురింపలేదు, అక్షయతూణీరము నిండుకొనెను. కురుక్షేత్రము గెలిచినవాడు కొందరు స్త్రీలను కాపాడుకొనలేకపోయెను. వ్యాసుడు దీనిని దాచలేదు. విపత్తు తరువాత వీరుడు వీరుడుగా ఉండడు. ఉప్పెన తరువాతి ఉదయమున దివిసీమలో తన వారిని వెదకుకొనుచు బురదలో నిలిచిన గృహస్థులెందరో ఈ అర్జునులు.

పిమ్మటి శ్లోకములు పైకి నీరసమైన జాబితావలె కన్పట్టును. మిగిలినవారిని అర్జునుడు ఎక్కడెక్కడ నిలిపెను? కృతవర్మ కుమారుని మార్తికావతమున, సాత్యకి కుమారుని సరస్వతీతీరమున, కృష్ణుని మునిమనుమడైన వజ్రుని ఇంద్రప్రస్థమున. అస్త్రము పనిచేయనివాడు పునరావాసము చేసెను. ఆ తరువాతనే అతడు వ్యాసాశ్రమమునకు పోయి కన్నీరు విడిచెను. క్రమము గమనింపదగినది: చాటింపు, తరలింపు, నివాసకల్పనము, ఆపైన శోకము, ఆపైన తత్త్వవిచారము. కాలమే సర్వమునకు మూలమన్న వ్యాసుని ఉపదేశము, మిగిలినవారికి గూడు కల్పించి వచ్చినవానికి లభించినది. మధ్యలో ఏమియు చేయక మొదటనే కాలమహిమను వల్లించుట వ్యాసమతము కాదు.

1977లో దివిసీమకు లోపించినది ఆ ఏడుదినముల చాటింపు. అటుపిమ్మట తీరమున తుఫాను ఆశ్రయభవనములు లేచినవి. హెచ్చరికల తీరు మారినది. 1990 మే 9వ తేదిన మఱియొక ప్రచండమైన తుఫాను కృష్ణానది ముఖద్వారపు దాపుననే తీరమును దాటెను. గాలివేగమున అది మొదటిదానికి తీసిపోయినది కాదు. ఈసారి మాత్రము లోతట్టుగ్రామములనుండి లక్షకు పైబడిన జనమును ముందుగానే బండ్లమీద, బస్సులమీద, కాలినడకన పైభూములకు తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపున నిలిచెను. ఆ వేయిమందిని గూర్చియు దుఃఖింపవలసినదే. కాని పదివేలకును వేయికిని నడుమనున్న ఆ తొమ్మిదివేల ప్రాణములు, ద్వారకనుండి బండ్లెక్కి వచ్చిన వజ్రుని వంశమువలె, నేడు పిల్లలతోను మనుమలతోను ఈ సీమలోనే యున్నవి.

ఏటేట మాఘపూర్ణిమనాడు హంసలదీవిలో వేణుగోపాలునికి కల్యాణము జరుగును. తెల్లవారుజామున జనులు సాగరసంగమమునకు నడచి, కృష్ణ కడలిలో కలియుచోట స్నానము చేయుదురు. అచ్చటనే మునిగినవారి బిడ్డలు ఆ నీటినే దోసిట పట్టి తర్పణము విడుతురు.